లాయరు డాలస్‌లో, ఫీజు గుంటూరు నుంచి

టెక్సస్‌లో రోడ్డు ప్రమాదం, న్యూజెర్సీలో విడాకుల కేసు, మిషిగన్‌లో ఇమిగ్రేషన్ నోటీసు. విషయం ఏదైనా, ఇక్కడున్న కుటుంబం అక్కడ లాయరును పెట్టుకోవాల్సి వస్తే మొదట అడిగేది ‘మొత్తం ఎంతవుతుంది?’ అనే. మన కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లకు అది సహజమైన ప్రశ్న. ప్లీడరుగారు ఒక మొత్తం చెబుతారు, బేరం కుదిరాక సగం ముందిస్తారు, మిగతాది వాయిదాలను బట్టి ఇస్తారు, గుమస్తా ఖర్చులు విడిగా చూసుకుంటారు. చాలాసార్లు దీనికి కాగితమే ఉండదు. అమెరికా లాయరు దగ్గర్నుంచి మాత్రం ఒక్క అంకె రాదు, నాలుగైదు పేజీల ఒప్పందం వస్తుంది. ఇంట్లో అందరూ టెన్షన్‌లో ఉంటారు కాబట్టి అందులో డాలర్ల సంఖ్య ఎక్కడుందో వెతికి, సంతకం పెట్టి పంపేస్తారు. తర్వాత వచ్చే గొడవల మూలాలు చాలావరకు ఆ చదవని పేజీల్లోనే ఉంటాయి.

ఫీజు ఎక్కువా తక్కువా అన్నది తర్వాతి సంగతి. డబ్బు ఏ లెక్కన ఖర్చవుతుంది, ఖర్చయ్యేదాకా ఎవరి ఖాతాలో ఉంటుంది, కేసు మధ్యలో ఆగితే ఎంత వెనక్కి వస్తుంది అన్నవే ముందు తేల్చుకోవాల్సినవి. ఇవి దేశాన్ని బట్టి మారతాయి. మన దగ్గర లాయర్లకు నిషేధమైన పద్ధతి ఒకటి అక్కడ రోజూ నడుస్తుంది. మన దగ్గర ఎవరూ పట్టించుకోని అలవాటు ఒకటి అక్కడ లాయరు లైసెన్సుకే ఎసరు పెడుతుంది.

ఆరు నిమిషాల బిల్లు

అమెరికాలో విడాకులు, వ్యాపార తగాదాలు, ఇంకా చాలా సివిల్ కేసులు గంటల లెక్కన నడుస్తాయి. గంటను పది భాగాలు చేసి, ఆరు నిమిషాలకొక యూనిట్ చొప్పున బిల్లు వేయడం అక్కడ మామూలు. గంటకు 400 డాలర్లు తీసుకునే లాయరు రెండు నిమిషాల్లో ఈమెయిల్ చదివి పక్కన పెట్టినా బిల్లులో 40 డాలర్లు పడవచ్చు. మన ఇళ్లలో కేసు నడుస్తుంటే తండ్రి ఒకసారి, మేనమామ ఒకసారి, బావగారు ఒకసారి ఫోను చేసి ‘ఏమైందండీ’ అని అడుగుతారు. అక్కడ ఆ మూడు పలకరింపులూ మూడు పద్దులు. ఇంటి తరఫున ఒక్కరే మాట్లాడటం, ప్రశ్నలన్నీ పోగేసి ఒకే మెయిల్‌లో రాయడం వల్ల మిగిలే డబ్బు, ఫీజు బేరమాడి తగ్గించుకునే డబ్బు కంటే ఎక్కువ ఉండవచ్చు. కాగితాలు సర్దడం, ఫారాలు నింపడం లాంటి పనులను పారాలీగల్ (లాయరు దగ్గర పనిచేసే సహాయకులు) చేస్తే గంట ధర బాగా తగ్గుతుంది. ఏ పని ఎవరు చేస్తారో, ఎవరి ధర ఎంతో ఒప్పందంలో ఉండాలి. లేకపోతే అడిగి రాయించుకోవాలి.

పని మొదలుపెట్టే ముందు లాయరు 5 వేలో 10 వేలో డాలర్లు రిటైనర్‌గా కట్టమంటారు. దాన్నే మొత్తం ఫీజు అనుకోవడం దగ్గరే మన కుటుంబాల్లో చాలామంది పొరబడేది. గంటల లెక్క కేసుల్లో అది సాధారణంగా అడ్వాన్సు. అమెరికన్ బార్ అసోసియేషన్ నమూనా నియమాల ప్రకారం, వాటి ఆధారంగా రాష్ట్రాలు చేసుకున్న నియమాల ప్రకారం, క్లయింటు ముందుగా ఇచ్చిన డబ్బు లాయరు సొంత ఖాతాలోకి వెళ్లకూడదు. విడిగా ఉండే ట్రస్టు ఖాతాలో వేసి, చేసిన పనికి బిల్లు అయ్యేకొద్దీ అందులోంచి తీసుకోవాలి. కేసు ముగిసినా, లాయరును మార్చుకున్నా మిగిలింది తిరిగి ఇవ్వాలి. క్లయింటు డబ్బునూ సొంత డబ్బునూ కలిపేయడం అక్కడి బార్ సంస్థలు తీవ్రంగా తీసుకునే తప్పుల్లో ఒకటి. కాబట్టి డబ్బు పంపేముందు అడగాల్సింది ‘ఇది ట్రస్టు ఖాతాకేనా?’ అని. మర్యాద తప్పుతుందేమోనని మొహమాటపడాల్సిన ప్రశ్న కాదు ఇది, లాయర్లు రోజూ వినేదే.

అడ్వాన్సు అయిపోయాక ఏం జరుగుతుందో కూడా చూడాలి. ఖాతాలో నిల్వ ఫలానా మొత్తం కంటే తగ్గితే మళ్లీ నింపాలనే షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. నింపకపోతే లాయరు కేసు నుంచి తప్పుకుంటానని కోర్టును అనుమతి అడగవచ్చు. ఇది తెలియని కుటుంబానికి రెండో నెలలో వచ్చే మెయిల్ మోసంలా కనిపిస్తుంది. ‘తిరిగి ఇవ్వబడదు’ అనే మాట ఉంటే దాన్ని మాత్రం అనుమానంతోనే చూడాలి. న్యూయార్క్‌లో విడాకుల వంటి కుటుంబ కేసుల్లో అలాంటి రిటైనర్‌ను నియమాలే ఒప్పుకోవు. అక్కడ అలాంటి కేసుల్లో కనీసం 60 రోజులకొకసారి వివరాలతో బిల్లు ఇవ్వాలి. ఫీజు 3 వేల డాలర్లు, అంతకు మించి అవుతుందనుకుంటే రాతపూర్వక పత్రం ఇవ్వాలన్నది కూడా న్యూయార్క్ నియమమే. కాలిఫోర్నియాలో ఈ గీత 1,000 డాలర్ల దగ్గరే ఉంది.

విడాకుల విషయంలో ఇంకొకటి. భర్త వీసా మీద ఆధారపడి వెళ్లి, సొంత సంపాదన లేని అమ్మాయి తరఫున ఇక్కడి తల్లిదండ్రులు పొలం అమ్మైనా ఫీజు కట్టాలనుకుంటారు. కాలిఫోర్నియా, న్యూయార్క్ సహా పలు రాష్ట్రాల్లో, ఆదాయం ఎక్కువున్న పక్షం రెండో పక్షం లాయరు ఫీజును కూడా కట్టాలని కోర్టు ఆదేశించే వీలుంది. అడిగితేనే వస్తుంది, అడగకపోతే రాదు. మొదటి సంప్రదింపులోనే లాయరును దీని గురించి అడగాలి.

గెలిస్తే మూడో వంతు

ప్రమాదంలో గాయపడినా, చనిపోయినా పరిహారం కోసం వేసే కేసుల్లో లెక్క పూర్తిగా వేరు. ముందు ఒక్క డాలరు కూడా కట్టనక్కర్లేదు. వచ్చిన పరిహారంలో లాయరు వాటా తీసుకుంటారు. సాధారణంగా ఇది మూడో వంతు, కేసు విచారణ దాకా వెళితే 40 శాతానికి పెరిగే ఒప్పందాలు ఎక్కువ. మొదటిసారి విన్నవాళ్లకు ఇది దోపిడీలా అనిపిస్తుంది. అలా అనిపించడానికి కారణం ఉంది. భారత బార్ కౌన్సిల్ నియమాలు కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడాన్నీ, వచ్చిన డబ్బులో వాటా తీసుకోవడాన్నీ నిషేధించాయి. రోడ్డు ప్రమాద పరిహారంలో శాతం లెక్కన ఫీజు అడిగి, దానికోసం చెక్కు తీసుకున్న వ్యవహారం ఒకటి తెలంగాణ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అలాంటి ఫీజు ప్రజా విధానానికి విరుద్ధమని చెబుతూ, 2017 డిసెంబరులో కోర్టు ఆ చెక్కు కేసును కొట్టేసింది. అదే పని హ్యూస్టన్‌లో చట్టబద్ధం. రాతపూర్వకంగా ఉండాలి, క్లయింటు సంతకం ఉండాలి అనే షరతులు మాత్రం తప్పనిసరి. విడాకులు ఇప్పించినందుకూ, క్రిమినల్ కేసులో గెలిపించినందుకూ ఈ పద్ధతిలో ఫీజు తీసుకోవడం అక్కడా కుదరదు.

బేరం ఆడాలంటే శాతం మీద కంటే, ఆ శాతాన్ని దేనిమీద లెక్కేస్తారన్న దానిమీద ఆడటం మేలు. 3 లక్షల డాలర్లకు సెటిల్‌మెంట్ అయి, నిపుణుల సాక్ష్యాలు, డిపాజిషన్లు (కోర్టు బయట ప్రమాణం చేయించి తీసుకునే వాంగ్మూలాలు), రికార్డుల కోసం 30 వేలు ఖర్చయిందనుకుందాం. మొత్తం మీద మూడో వంతు తీసుకుంటే లాయరుకు లక్ష, ఖర్చులు పోను కుటుంబానికి 1,70,000 వస్తుంది. ముందు ఖర్చులు తీసేసి మిగిలినదాని మీద తీసుకుంటే లాయరుకు 90 వేలు, కుటుంబానికి 1,80,000. ఒక్క వాక్యం తేడాతో 10 వేల డాలర్లు. ఓడిపోతే ఆ ఖర్చులు ఎవరు భరించాలన్నది కూడా అదే పేజీలో ఉంటుంది. ‘గెలవకపోతే ఫీజు లేదు’ అనే ప్రకటనలో ఖర్చుల మాట ఉండదని గమనించాలి. ఆస్పత్రి బాకీలు, బీమా కంపెనీలకు తిరిగి ఇవ్వాల్సినవి ఉంటే అవి మళ్లీ వేరు.

ఈ లెక్కల మధ్య ఆలోచిస్తూ కూర్చుంటే గడువు దాటిపోయే ప్రమాదం ఉంది. ఇలాంటి కేసులు వేయడానికి టెక్సస్‌లోనూ కాలిఫోర్నియాలోనూ సాధారణ గడువు 2 ఏళ్లు. కొడుకు పోయిన దుఃఖంలో ఉన్న ఇంటికి అది చాలా తొందరగా గడిచిపోతుంది.

ఇమిగ్రేషన్ పనులకు ఎక్కువగా గంపగుత్త ఫీజే. ఇది ఫెడరల్ చట్టం కాబట్టి ఏ రాష్ట్రంలో లైసెన్సు ఉన్న లాయరైనా దేశమంతా చేయవచ్చు. డాలస్ లాయరు న్యూజెర్సీ అబ్బాయి వీసా పని చూడవచ్చుగానీ, అక్కడి విడాకుల కేసు చేయాలంటే న్యూజెర్సీ లైసెన్సు కావాలి. లైసెన్సు ఉందా, శిక్షలేమైనా పడ్డాయా అన్నది రాష్ట్ర బార్ వెబ్‌సైట్లలో పేరు కొట్టి చూసుకోవచ్చు. ఇక హెచ్-1బీ పిటిషన్ లాయరు ఫీజు కంపెనీ ఖర్చు కిందికే వస్తుంది. అది కోసి ఉద్యోగికి చట్టప్రకారం ఇవ్వాల్సిన జీతం కంటే తగ్గించకూడదు. గ్రీన్‌కార్డు దారిలో పెర్మ్ (ఆ ఉద్యోగానికి అక్కడివాళ్లు దొరకలేదని కార్మిక శాఖ ధ్రువీకరించే) దశ లాయరు ఫీజును కూడా 2007 నుంచి యజమానే కట్టాలి. అయినా కొన్ని కన్సల్టెన్సీలు వేర్వేరు పేర్లతో ఈ డబ్బు అభ్యర్థుల దగ్గర, కొన్నిసార్లు ఇక్కడి తల్లిదండ్రుల దగ్గర రూపాయల్లో వసూలు చేస్తున్నాయని మనవాళ్లలో తెలియనివారు తక్కువ.

2019 జనవరిలో, అమెరికా అధికారులే వల పన్ని నడిపిన నకిలీ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారంలో అమెరికా అధికారులు 130 మంది విద్యార్థులను అదుపులోకి తీసుకున్నప్పుడు వారిలో 129 మంది భారతీయులు, తెలుగువాళ్లు చాలామంది. అప్పుడు ఎన్నో ఇళ్లకు తెలిసివచ్చిన సంగతి, ఇమిగ్రేషన్ కోర్టులో లాయరును పెట్టుకునే హక్కు ఉంటుందిగానీ ప్రభుత్వ ఖర్చుతో కాదు అన్నది. క్రిమినల్ కేసు అలా కాదు. జైలు పడే అవకాశమున్న కేసులో డబ్బు లేనివారికి ప్రభుత్వమే లాయరును ఇవ్వాలి, పౌరసత్వంతో పనిలేదు. వేరే దేశస్థుడు నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదం గురించి డిఫెన్స్ లాయరు ముందే హెచ్చరించాలని 2010లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. ఇలాంటప్పుడు పబ్లిక్ డిఫెండర్‌నే, అంటే ప్రభుత్వం ఇచ్చే లాయరునే ఉంచుకుని, ఇమిగ్రేషన్ లాయరుతో ఒక్క సంప్రదింపుకు మాత్రం డబ్బు కట్టడం సరిపోవచ్చు. పెద్ద పేరున్న లాయరు కోసం అప్పులు చేసేముందు ఆలోచించదగ్గ దారి.

డబ్బు తండ్రిది, క్లయింటు కొడుకు

ఫీజు కట్టేది గుంటూరులో ఉన్న తండ్రి. క్లయింటు మాత్రం కొడుకే. వేరేవాళ్లు ఫీజు కడుతున్నప్పుడు క్లయింటు తెలిసి ఒప్పుకోవాలి, కట్టేవాళ్లు లాయరు నిర్ణయాల్లో జోక్యం చేసుకోకూడదు, క్లయింటు రహస్యాలు బయటికి పోకూడదు అని అమెరికా నియమాలు చెబుతాయి. 10 వేల డాలర్లు పంపిన తండ్రికి ‘మీ అబ్బాయి అనుమతి లేకుండా చెప్పలేను’ అని లాయరు అంటే అది పొగరు కాదు, వృత్తి నియమం. కొడుకు ఒక సమ్మతి పత్రం రాసిస్తే ఏమేం చెప్పవచ్చో స్పష్టమవుతుంది. మిగిలిన అడ్వాన్సు ఎవరికి తిరిగి రావాలన్నది కూడా అప్పుడే రాసుకోవడం మంచిది. అల్లుడి కేసుకు మామగారు డబ్బు కట్టినచోట ఇది మరీ అవసరం.

ఇక్కడి నుంచి పంపే దారి బ్యాంకే. విదేశాలకు డబ్బు పంపేందుకు ఉన్న రిజర్వు బ్యాంకు ఎల్ఆర్ఎస్ పథకం కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు. బ్యాంకులో ఇచ్చే ఏ2 ఫారంలో కారణం రాయాలి. లాయరు సేవలకు విడిగా ఎస్1004 కోడ్ ఉంది. లాయరు ఒప్పందం, ఇన్‌వాయిస్ చూపిస్తే బ్యాంకులో పని సులువవుతుంది. మింగుడుపడనిది టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను. 2025 ఏప్రిల్ 1 నుంచి ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై చదువు, వైద్యం కాని అవసరాలకు 20 శాతం. లాయరు ఫీజుగా 15 లక్షలు పంపితే అదనంగా లక్ష చేతిలో ఉండాలి. ఆ 10 లక్షల పరిమితి అన్ని అవసరాలకూ కలిపి ఒక్కటే. అదే ఏడాది కొడుకు ఫీజులకు 12 లక్షలు పంపిన తండ్రికి లాయరుకు పంపే మొదటి రూపాయి మీదనుంచే 20 శాతం పడుతుంది. ఈ డబ్బు పూర్తిగా పోయేది కాదు, రిటర్ను వేసినప్పుడు పన్నులో సర్దుబాటవుతుంది లేదా వాపసు వస్తుంది. కానీ అత్యవసరంలో ఉన్న కుటుంబానికి నెలల తర్వాత వచ్చే వాపసు ఏం ఆదుకుంటుంది? తల్లికి సొంత డబ్బు, సొంత పాన్ ఉంటే ఆమె పరిమితి వేరుగా ఉంటుంది. పన్ను తగ్గుతుందని లాయరు ఫీజును చదువు కింద రాయించడం మాత్రం తప్పుడు ప్రకటన అవుతుంది.

దీనికంటే సులువని చాలామంది ఎంచుకునే దారి ఇంకొకటుంది. అక్కడి స్నేహితుడు లాయరుకు డాలర్లు కట్టేస్తాడు, ఇక్కడ అతని తల్లిదండ్రులకు రూపాయలు ఇస్తారు. సాయంలాగే కనిపించినా, విదేశీ చెల్లింపును బ్యాంకు బయట ఇలా సర్దుకోవడం ఫెమా (విదేశీ మారక నిర్వహణ) చట్టం ఒప్పుకోని పని. విదేశంలో ఉన్న కొడుకుకే ఎన్ఆర్ఈ ఖాతాలో (విదేశీ సంపాదన దాచుకోవడానికి ఎన్నారైలు ఇక్కడ తెరిచే ఖాతాలో) డబ్బుంటే దాన్ని అక్కడికి తీసుకెళ్లడానికి ఎల్ఆర్ఎస్ పరిమితితో సంబంధం లేదు, అదే తేలిక.

బ్యాంకు ద్వారా పంపినా రెండు చోట్ల చిల్లు పడుతుంది. మారకం రేటులో బ్యాంకు మిగుల్చుకునేది ఒకటి, మధ్యలో ఉండే బ్యాంకులు కోసుకునేది ఇంకొకటి. చార్జీలన్నీ పంపేవారే భరించేలా ఎంచుకోకపోతే 5 వేలు పంపినా అక్కడికి కొంత తగ్గి చేరుతుంది, అడ్వాన్సు పూర్తిగా అందలేదని పని ఆగుతుంది. అసలు భయపడాల్సింది ఖాతా నంబరు మార్పు మెయిల్‌కు. ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఇకపై దీనికి పంపండి’ అని లాయరు పేరుతోనే వచ్చే మెయిల్, దొంగ మెయిల్ అయ్యే అవకాశం ఎక్కువ. అందులో ఉన్న నంబరుకు కాకుండా, ముందే తెలిసిన నంబరుకు ఫోను చేసి నిర్ధారించుకోవాలి. ఆరు నిమిషాల బిల్లు పడితే పడనివ్వండి.

బిల్లు మీద గొడవొస్తే అక్కడ దారులున్నాయి. కాలిఫోర్నియాలో క్లయింటు కోరితే ఫీజు వివాదాన్ని మధ్యవర్తిత్వానికి తేవడం లాయరుకు తప్పనిసరి. న్యూయార్క్‌లో 1,000 నుంచి 50 వేల డాలర్ల వివాదాలకు ఇలాంటి ఏర్పాటే ఉంది.

బ్రిటన్‌లో సొలిసిటర్ కూడా క్లయింటు డబ్బును విడి ఖాతాలోనే ఉంచాలి. గాయాల కేసుల్లో గెలిస్తే తీసుకునే అదనపు ఫీజుకు 2013 నుంచి పరిమితి ఉంది, కేసు మొదట విచారించే కోర్టు దశలో అది పరిహారంలో నిర్దేశించిన భాగంపై 25 శాతం. అమెరికాలో సాధారణంగా ఎవరి ఖర్చు వారిది. బ్రిటన్‌లో ఓడినవారు అవతలివారి ఖర్చులూ కట్టడం సాధారణ నియమం. కేసు వేసినవారు వేరే దేశంలో ఉంటే ముందే పూచీకత్తు కట్టమని ప్రతివాది కోరే వీలూ ఉంది. గల్ఫ్ వ్యవహారం ఇంకో రకం. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వెళ్లిన కార్మికుడి జీతం బకాయి కేసులో లాయరు కంటే ముందు చూడాల్సింది కోర్టు ఫీజు మినహాయింపు. యూఏఈలో లక్ష దిర్హాములు దాటని కార్మిక కేసులకు, కార్మికుడు చనిపోతే వారసులు వేసే వాటికి కూడా, కోర్టు ఫీజు లేదు. భారత ఎంబసీల దగ్గర సంక్షేమ నిధి ఉంది, అర్హులకు దాన్నుంచి న్యాయ సాయం అందుతుంది. ఈ సంగతి చెప్పకుండా డబ్బు తీసుకునే ఏజెంట్లకు కొదవలేదు.

అటునుంచి ఇటు

విజయవాడ స్థలం కబ్జా కేసుకు న్యూజెర్సీ నుంచి లాయరును పెట్టుకునే తెలుగువాళ్ల ఇబ్బంది దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడి అలవాటుతో ట్రస్టు ఖాతా, నెలవారీ బిల్లు ఆశిస్తే ఇక్కడ దొరకవు. క్లయింటు డబ్బుకు లెక్క రాయాలి, ఫీజుకు వచ్చిందేదో ఖర్చులకు వచ్చిందేదో విడిగా చూపాలి అని బార్ కౌన్సిల్ నియమాలు చెబుతాయిగానీ, అడిగేవాళ్లు తక్కువ. ‘గెలిస్తే స్థలంలో వాటా’ అని ఎవరైనా అంటే అది నియమాలకు విరుద్ధమని ముందే చూశాం. లాయరు సేవలో లోపముందని వినియోగదారుల ఫోరానికి వెళ్లే దారిని 2024 మేలో సుప్రీంకోర్టు మూసేసింది. మిగిలింది రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు, లేదా సివిల్ కోర్టు.

కాబట్టి జాగ్రత్త ముందే పడాలి. డబ్బు మధ్యలో ఉన్న బంధువుకో జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) హోల్డరుకో పంపే బదులు నేరుగా లాయరు ఖాతాకు పంపి రసీదు తీసుకోవడం, కోర్టు ఫీజునూ లాయరు ఫీజునూ వేర్వేరుగా చూపించమనడం చిన్న పనులే. విదేశంలో రాసిన జీపీఏకు, అది ఇండియాకు చేరిన 3 నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టాలి. ఈ గడువు దాటి కాగితం పనికిరాకుండా చేసుకున్నవాళ్లు ఉన్నారు.

ఎన్నారైలకు అన్నిటికంటే పనికొచ్చేది కోర్టుల ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్. కేసు నమోదయ్యాక వచ్చే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరుతో వాయిదా ఎప్పుడో, గత వాయిదాలో ఏం జరిగిందో అమెరికాలో కూర్చునే చూడవచ్చు. ఫీజును విడతలు చేసి, మొదటిది వకాలత్ మీద, రెండోది సీఎన్ఆర్ నంబరు వచ్చాక, మూడోది సాక్ష్యాల దశలో అని మాట్లాడుకుంటే ఎవరి మాటా నమ్మాల్సిన అవసరం ఉండదు. లాయరును మార్చాల్సి వచ్చి, పాత లాయరు ఫీజు బాకీ ఉందంటూ కేసు కట్ట ఇవ్వనంటే, ఆ హక్కు లాయరుకు లేదని 2000లోనే సుప్రీంకోర్టు తేల్చింది. బాకీ నిజమైతే దావా వేసి వసూలు చేసుకోవచ్చు, కాగితాలు మాత్రం ఇచ్చేయాల్సిందే. అమెరికాలోని కొన్ని రాష్ట్రాల్లో బాకీ తీరేదాకా ఫైలు ఆపుకునే హక్కు లాయరుకు ఇంకా ఉంది.